మా హాల్లో నేల తిరుగుతుంది

బిల్డర్ తాళాలు చేతికిచ్చిన రోజు మా ఆయన గుమ్మంలో నిలబడి వీడియో తీస్తున్నారు. కుడికాలు ముందు పెట్టి నేను లోపలికి నడవాలి, ఆయన దాన్ని తీసి రెండు వైపుల వాళ్ళకీ పంపాలి, అదీ ఏర్పాటు. హాల్లోకి కాస్త దూరం నడిచానో లేదో, గోడ పట్టుకుని ఆగిపోయాను.

"ఏమైంది?" అన్నారు ఫోను దించకుండానే.

"నేల తిరుగుతోంది."

"ఎగ్జైట్‌మెంట్. పొద్దుట్నుంచి ఏమీ తినలేదు కదా."

నేను ఇడ్లీ తినే బయల్దేరాను. తినంది ఆయన. ఆ మాటే చెప్పి, గోడ వదలకుండా మళ్ళీ కిందకి చూశాను. నేల నిండా పరిచిన చక్రాలు, గానుగ తిరిగినట్టు, నింపాదిగా తిరుగుతున్నాయి.

ఆ టైల్స్ సంగతి ముందు చెప్పాలి. సిడ్నీ శివార్లలో రౌస్ హిల్ దాటాక కొత్తగా వేసిన ఎస్టేటులో స్థలం తీసుకున్నాం. పునాది వేయకముందే టైల్స్, తలుపులు, కుళాయిలు అన్నీ ఒకే రోజు కూర్చుని ఎంచుకోవాలి అన్నారు బిల్డర్ వాళ్ళు. నాకు కావలసింది ఏ గీతా, ఏ పువ్వూ లేని లేత గంధం రంగు టైల్. అదే చూపించాను. షోరూంలో మాకు సాయం చేస్తున్న అమ్మాయి తల కొంచెం పక్కకి వంచి, "దట్స్ అ సేఫ్ చాయిస్" అంది. ఆ అమ్మాయి ఏ ఉద్దేశంతో అన్నదో గానీ, సేఫ్ అన్న మాట మా ఆయనకి గుచ్చుకుంది. ఆయన బ్యాంకులో రిస్కు చూసే ఉద్యోగం చేస్తారు. కారు ఇన్సూరెన్సు కాగితాన్ని కూడా వెనకా ముందూ తిప్పి చదివి గానీ సంతకం పెట్టరు. అలాంటి మనిషి ఆ రోజు లేచి, గోడకి తగిలించిన ఒకే ఒక్క టైల్ దగ్గరికి వెళ్ళి, "ఇది వేయిస్తే?" అన్నారు.

ఆ టైల్ ఒక్కటే చూస్తే ఏమీ లేదు. ఒక మూల నుంచి విసనకర్రలా విచ్చుకున్న గీతలు. నలుపు, దాని పక్కన ముదురు నీలం, తర్వాత తెలుపు, తర్వాత లేత పసుపు, మళ్ళీ నలుపు. నెమలి ఈకలో ముక్కలా ముద్దుగానే ఉంది. బుద్ధిమంతురాలిలా గోడ మీద కదలకుండా కూర్చుంది. "లవ్లీ! దట్స్ అ రియల్ ఫీచర్" అంది ఆ అమ్మాయి. మా ఆయన నా వైపు గెలిచినట్టు చూశారు. ఇంకా కుళాయిలు ఎంచుకోవాలి, ఆకలేస్తోంది, సరే అన్నాను.

అలాంటివి నాలుగు కలిస్తే ఒక చక్రం అవుతుందని, వాకిలి నుంచి వంటగది దాకా అవే చక్రాలు పరుచుకుంటాయని మాకెవరూ చెప్పలేదు. పరిచాక ఏం జరిగిందంటే, నేను ఏ చక్రాన్ని సూటిగా చూస్తే అది ఆగి ఉంటుంది. దాని చుట్టూ ఉన్నవి తిరుగుతాయి. వాటిని పట్టుకుందామని అటు చూస్తే అవి ఆగిపోతాయి, ఇందాకటిది మొదలెడుతుంది. రెప్ప వేస్తే ఇంకా జోరు. నడుస్తుంటే చెప్పనే అక్కర్లేదు.

మా అమ్మాయి, పదో క్లాసు, ఇక్కడే పుట్టింది. నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిస్తుంది. అది చెప్పులు విప్పుతూనే, "ఓ మై గాడ్, ఇట్స్ మూవింగ్! మమ్, ఇట్స్ సో కూల్!" అంది.

"చూశారా? దానికీ కనిపిస్తోంది" అన్నాను.

మా ఆయన వంగి చూశారు. కూర్చుని చూశారు. అరచెయ్యి నేలకి ఆనించి చూశారు. "ఏం కదులుతోంది? ఇద్దరూ కలిసి నన్ను ఆటపట్టిస్తున్నారా?"

"డాడ్, నిజంగా కదలదు. ఇట్స్ యాన్ ఇల్యూజన్. ఇట్స్ జస్ట్ యువర్ బ్రెయిన్" అంది అది.

అంతే. ఆయనకి కావలసిన మాట దొరికింది. "విన్నావా? నేల బానే ఉంది. బ్రెయినే." ఎవరి బ్రెయినో విడిగా చెప్పలేదు. అక్కడున్న ముగ్గురిలో ఆయన నా వైపే చూస్తూ అన్నారు.

గృహప్రవేశం రోజు పంతులుగారు హాలు మధ్యలో పీట వేసి కలశం పెట్టించారు. పీట ఒక చక్రం మీద పడింది. నేను మంత్రానికి తగ్గట్టు అక్షింతలు వేయాలి. కలశం కదలదు, చుట్టూ నేల తిరుగుతుంది. కొబ్బరికాయ మీద చూపు నిలిపి, పళ్ళు బిగించి, పూజంతా కానిచ్చాను. తర్వాత మా వైపు చుట్టం ఒకావిడ, "ఎంత భక్తిగా చేసిందో, చూపు కూడా తిప్పలేదు" అని అందరితో చెప్పింది.

ఇల్లిచ్చిన కొత్తలో ఏదైనా లోపముంటే బిల్డర్ వచ్చి చూస్తాడు. తలుపు బిగుసుకుందనో, కుళాయి కారుతోందనో చెప్పుకోవచ్చు. నేను ఫోను చేసి హాల్లో టైల్స్ కదులుతున్నాయని చెప్పాను. సైట్ సూపర్‌వైజర్ వచ్చాడు. మట్టి బూట్లకి ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని, రసమట్టం తెచ్చి నేల మీద పెట్టాడు. బుడగ సరిగ్గా మధ్యలో నిలబడింది.

"డెడ్ లెవెల్, లవ్" అన్నాడు.

నేల వాలుగా ఉందనలేదు, బొమ్మ తిరుగుతోందన్నాను అని ఇంగ్లీషులో చెప్పాను. అతను గోళ్ళతో టైల్స్ మీద అక్కడక్కడా కొట్టి, చెవి పెట్టి విన్నాడు. ఏదీ ఊడలేదన్నాడు. "కళ్ళతో చూడండి, కింద కాదు, కొంచెం పక్కకి" అన్నాను. అతను మర్యాదకి పక్కకి చూశాడు. కనిపించిందో లేదో నాకు తెలియదు. కనిపించినా ఒప్పుకునేవాడు కాదనుకుంటాను. నా వెనక మా ఆయన నిలబడి అతనితో నవ్వుతున్నారు. ఆ నవ్వు నాకు తెలుసు. సూపర్‌మార్కెట్లో నేను చిల్లర సరిచూసుకుంటుంటే క్యాషియర్ వైపు నవ్వే నవ్వు అది.

తర్వాత మా ఆయన నన్ను జీపీ దగ్గరికి తీసుకెళ్ళారు. తీసుకెళ్ళారు అనే చెప్పాలి, నేనై వెళ్ళలేదు. డాక్టరు నా తల అటు తిప్పి ఇటు తిప్పి, మంచం మీద చటుక్కున పడుకోబెట్టి, లేపి, కళ్ళలోకి లైటు వేశాడు. పక్కింట్లో తిరుగుతోందా? లేదు. షాపుల్లో? లేదు. రైల్లో? లేదు. మా హాల్లోనే తిరుగుతోంది, ఫోటో ఉంది చూడండి అని ఫోను ముందుకు చాపాను. డాక్టరు ఫోను చూడకుండా, నిద్ర సరిగా పడుతోందా అని అడిగాడు. కొత్త ఇల్లు, లోను, టెన్షనా అన్నాడు. నా వయసు ఇంకోసారి చూసుకుని, ఈ వయసులో ఇలాంటివి మామూలే అన్నాడు. రక్తపరీక్ష రాసిచ్చాడు. విటమిన్ డీ తక్కువుందని వచ్చింది. ఈ దేశంలో మన ఆడవాళ్ళకి మోకాలు నొప్పికి వెళ్ళినా, జుట్టు రాలుతోందని వెళ్ళినా చివరికి తేలేది విటమిన్ డీయే.

అప్పట్నుంచి మా ఇంట్లో నేల తిరగడం విటమిన్ డీ అయింది. నేను గోడ పట్టుకున్నప్పుడల్లా, "ట్యాబ్లెట్ వేసుకున్నావా?" అనేవారు.

కొన్నాళ్ళకి నాకు నేనే కొన్ని ఉపాయాలు కనిపెట్టుకున్నాను. వెలుతురు తక్కువుంటే చక్రాలు మందగిస్తాయి. అందుకని పగలంతా బ్లైండ్లు దించేసేదాన్ని. నడిచేటప్పుడు కిందకి చూడకుండా వంటగది కుళాయి మీద చూపు పెట్టి, దాని వైపే వెళ్ళేదాన్ని. చేతిలో రసం గిన్నె ఉంటే గోడవారగా. బట్టల బుట్ట ఉంటే మాత్రం హాయి, బుట్ట నేలని కప్పేస్తుంది. ఆయన ఆఫీసు నుంచి వస్తూనే తటతటా అన్ని లైట్లూ వేసేవారు. "ఇంత ఇష్టపడి కట్టుకుని గుహలో ఉన్నట్టు ఉండటమేంటి?" అనేవారు. లైట్లు వేయగానే చక్రాలు పుంజుకునేవి. నేను వంటగదిలోకి వెళ్ళిపోయేదాన్ని. అక్కడ, నా అదృష్టం బావుండి, మామూలు తెల్ల టైల్స్.

ఎవరికి చెప్పినా ఇదే గోల. ఊళ్ళో ఉన్న మా అక్కకి వీడియో కాల్లో చూపిస్తే, "ఎంత బావుందే! ఎక్కడ కొన్నారు?" అంది. ఇక్కడి తెలుగు స్నేహితురాలు ఒకామె, "నీకు దిష్టి తగిలింది, కొత్తిల్లు కదా" అంది. మా అమ్మాయి స్నేహితులు గుంపుగా వచ్చి, హాల్లో పడుకుని, కళ్ళు తిప్పుకుంటూ కిలకిలా నవ్వి వెళ్ళేవాళ్ళు. ఆ పిల్లలకి అదొక ఆట. నేను ఆ ఆటలో ఇరవై నాలుగ్గంటలూ కాపురం చేస్తున్నాను.

పక్కింట్లో ఒక ఆంటీ ఉంటుంది. ఫిజీ నుంచి వచ్చిన మనిషి. తాతల కాలంలో చెరకు తోటలకి వెళ్ళిన తెలుగువాళ్ళ కుటుంబం. అక్కడ గొడవలయ్యాక సిడ్నీ వచ్చి, బ్లాక్‌టౌన్ చుట్టుపక్కల చాలా ఏళ్ళు బస్సు నడిపి, రిటైరై కూతురి దగ్గర ఉంటోంది. మాట్లాడేది ఇంగ్లీషు, ఫిజీ హిందీ. తెలుగు నాలుగు ముక్కలు మాత్రం వాళ్ళ నాయనమ్మ దగ్గర నేర్చుకున్నది మిగిలింది. మేం దిగిన కొన్ని నెలలకి ఒక మధ్యాహ్నం గిన్నెలో కర్రపెండలం కూర పట్టుకుని వచ్చింది. తలుపు తీశాను. ఆ రోజు వేడి ఎక్కువై, గాలి కోసం బ్లైండ్లన్నీ ఎత్తేసి ఉన్నాను. ఎండ నేరుగా హాల్లో పడుతోంది.

ఆంటీ గడప దాటి ఒక అడుగు వేసింది. వెనక్కి తీసుకుంది. తలుపు చెక్క గట్టిగా పట్టుకుంది. కాసేపు నేల వంక, తర్వాత నా వంక చూసి, ఏ భాషలో చెప్పాలో వెతుక్కున్నట్టు ఆగి, "అమ్మా, నేల పారతా ఉండాది" అంది.

గిన్నె అందుకుని, ఆవిడ చెయ్యి పట్టుకుని గోడవారగా వంటగదిలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టాను. మంచినీళ్ళిచ్చాను. ఆవిడ నీళ్ళు తాగి, "హౌ డు యూ లివ్ హియర్, బేటీ?" అంది. అప్పుడు నేను ఏడ్చాను. అన్ని నెలల తర్వాత దొరికిన ఈ ఒక్క మనిషి నా వయసు అడగలేదు, నిద్ర అడగలేదు, ట్యాబ్లెట్ అడగలేదు. ఆవిడ నన్ను ఆపలేదు. ఏడవడం అయ్యాక, ఇక మీదట తను పెరటి తలుపు గుండానే వస్తానని చెప్పింది. చెప్పినట్టే వచ్చేది.

సాయంత్రం మా ఆయన రాగానే చెప్పాను. ఆంటీకీ కనిపించింది, పడబోయింది, తలుపు పట్టుకుని నిలదొక్కుకుంది అన్నాను. ఆయన టై విప్పుకుంటూ, "ఆవిడకి బీపీ ఉంది కదా" అన్నారు.

బస్సు నడిపిన మనిషండీ, అన్నాను. ఈ సిటీలో రౌండబౌట్లన్నీ తిరిగిన మనిషి. ఆయన అప్పటికే లైట్లు వేసేస్తున్నారు.

ఎండాకాలం వెళ్ళేలోపు ఒక శనివారం ఆఫీసు వాళ్ళని పిలుద్దామన్నారు. ఆర్వో బార్బీ, అంటే మధ్యాహ్నం పూట పెరట్లో కాల్చుకుని తినడమే, పెద్ద హడావుడి ఏం ఉండదు అన్నారు. హడావుడంతా ఉంది, నాకు. పెరట్లో ఆయన పొయ్యి వెలిగించి సాసేజీలు, పనీరు ముక్కలు వేస్తున్నారు. నేను వంటగదిలో పెరుగుపచ్చడి కలుపుతున్నాను. వాళ్ళ బాస్ వచ్చాడు. ఆరడుగుల పైచిలుకు మనిషి, చేతిలో ఇంకా మూత తీయని బీరు. వాకిలి గుండా హాల్లోకి వచ్చి, నట్టనడుమ బ్రేకు వేసినట్టు ఆగాడు.

"వో! మేట్! యువర్ ఫ్లోర్స్ మూవింగ్!"

మూత తీయని బీరు అని మళ్ళీ చెప్తున్నాను.

మా ఆయన చేతిలో పట్టకారుతో పెరట్లోంచి పరిగెత్తుకొచ్చారు. బాస్ మిగతావాళ్ళని కేకేశాడు. అందరూ హాల్లోకి చేరారు. ఒకతను తనకి గిర్రున తిరుగుతున్నాయన్నాడు. ఒకమ్మాయి కళ్ళు మూసుకుని తనకి వాంతొస్తోందంది. ఒకరిద్దరు ఏమీ కనిపించట్లేదన్నారు, వాళ్ళని మిగతావాళ్ళు పక్కకి చూడమని, రెప్ప వేయమని, తల ఊపమని సతాయించారు. ఫోన్లు బయటికొచ్చాయి. నవ్వులు. పెరట్లో సాసేజీలు మాడి బొగ్గయ్యాయి. పొయ్యి కట్టేసింది నేనే, చేతిలో పెరుగు గరిటెతోనే వెళ్ళి.

తిరిగి వచ్చేసరికి మా ఆయన వంటగదిలో ఉన్నారు. మొహం వెలిగిపోతోంది. "తెలుసా? మన టైల్స్ కదులుతున్నట్టు కనిపిస్తాయంట!"

నేను గరిటె గిన్నెలో పెట్టాను. "ఎవరన్నారు?"

"మా బాస్!"

"ఆయన్ని విటమిన్ డీ చూపించుకోమనండి."

ఆయనకి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా అతిథులున్నారని వెళ్ళిపోయారు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల దగ్గర లాప్‌టాప్ తెచ్చి పెట్టుకున్నారు. నలుపు, నీలం, తెలుపు, పసుపు ఆ వరసలో ఉన్నప్పుడు, మన కంటి అంచుకి అది కదలికలా అందుతుందట. సూటిగా చూస్తే ఆగుతుందట. వెలుతురు తగ్గితే తగ్గుతుందట. కొందరికి అసలు కనిపించదట. "చాలా ఇంట్రస్టింగ్ టాపిక్" అంటూ పప్పు చల్లారేదాకా చెప్పారు. ఆ ముక్కలన్నీ నేను ఆ హాల్లో రోజూ నడిచి, గోడ పట్టుకుని, నెలల తరబడి చెప్పినవే. ఒక్కటంటే ఒక్కటి కొత్తది లేదు.

"ఇవన్నీ నేను చెప్పానండీ" అన్నాను.

"నువ్వు తిరుగుతోంది అన్నావంతే. సైన్స్ చెప్పలేదు."

మా అమ్మాయి కంచం తీసుకుని మేడ మీదికి వెళ్ళిపోయింది. దానికి గాలివాలు తెలుస్తుంది.

నేను గొంతు పెంచలేదు. అంత కోపంలో గొంతు పెరగదు నాకు. నేల తిరుగుతోందంటే తినలేదన్నారు, రసమట్టం పెట్టినవాడితో కలిసి నవ్వారు, డాక్టరుకి చూపించారు, ఆంటీకి బీపీ అన్నారు. ఒక బయటి మనిషి వచ్చి మొదటి నిమిషంలో అన్న మాట మీకు సైన్స్ అయింది. ఇన్నాళ్ళూ నేను మీతోనే ఉన్నాను కదా, అన్నాను.

ఆయన లాప్‌టాప్ మూశారు. "నాకు కనిపించలేదు కదా" అన్నారు.

"నాకు కనిపించింది కదా" అన్నాను.

ఆయన లేచి హాల్లోకి వెళ్ళి, లైట్లన్నీ ఆర్పి, బ్లైండ్లు దించి వచ్చి కూర్చుని మిగిలిన అన్నం తిన్నారు.

టైల్స్ పగలగొట్టించాలంటే వాటి మీద నిలబెట్టిన అలమారాలన్నీ విప్పాలన్నారు. బిల్డర్ని అడిగితే, బొమ్మ తిరగడం లోపాల కిందకి రాదన్నాడు. అందుకని కప్పేయడమే మార్గమని తేలింది. తివాచీలు కొనడానికి మా ఆయన బయల్దేరబోతే వద్దన్నాను. ఆంటీని తీసుకెళ్ళాను. ఆవిడ ప్రతి తివాచీ మీదా నిలబడి, బస్సు అద్దాల్లో చూసినట్టు మొదట ఎడమవైపు, తర్వాత కుడివైపు చూసేది. చాలాసేపు అలా నిలబడి, "ఇది పారదు" అనేది. దుకాణంలో అబ్బాయి గళ్ళ తివాచీ ఒకటి విప్పి, "దిస్ వన్స్ అ బిట్ ఆఫ్ అ ఫీచర్" అనబోయాడు. ఇద్దరం ఒకేసారి "నో!" అన్నాం. పాపం అదిరిపోయాడు. ఏ గీతా లేని బూడిద రంగువి, హాలుకి ఒక పెద్దది, నడవాకి పొడుగాటివి తీసుకున్నాం.

పరిచిన రోజు నేను వాకిలి నుంచి వంటగది దాకా కుళాయి వైపు చూడకుండా నడిచాను. మళ్ళీ వెనక్కి నడిచాను. మా అమ్మాయి మాత్రం, "యూ'వ్ రూయిన్డ్ ఇట్, మమ్" అని తలుపు ధడాలున వేసుకుంది. దాని పోరు పడలేక మెట్ల కింద మూల మాత్రం వదిలేశాను, నేను అటు వెళ్ళే పని లేదు కనక.

ఇప్పుడు ఆదివారం పొద్దున్నే మా ఆయన ఆ మూలకి చేరుతున్నారు. కాఫీ గ్లాసుతో మెట్ల కింద గొంతుక్కూర్చుంటారు. లైటు వేసుకుంటారు. తల ఒకసారి అటు, ఒకసారి ఇటు, కోడి చూసినట్టు చూస్తారు. కళ్ళజోడు తీసి చూస్తారు.

"ఏ వైపు తిరుగుతున్నాయి?" అని అడుగుతారు.

నేను దోసె తిప్పుతూ వంటగదిలోంచే చెప్తాను. "గోడ దగ్గరవి కుడివైపు. వాటి ఇవతలవి ఎడమవైపు."

"ఇప్పుడు కూడానా?"

"ఇప్పుడు కూడా. నేను చూస్తే గానీ ఆగవు."

"నాకేం కదలట్లేదే."

"దోసె చల్లారిపోతోంది, లేవండి" అంటాను. లేవరు. ఇంకాసేపు చూస్తారు. కిందటి వారం కాఫీ ఒలికించారు కూడా, తివాచీ అంచు మీద. మరక పోలేదు. అడిగితే, పక్కకి చూస్తుంటే గ్లాసు ఒరిగింది అన్నారు.